బావలకు పర్మిషన్ లేదు

మా హాస్టల్ వార్డెన్ మేడం పోయారన్న కబురు నాకు అందిన తీరే గజిబిజిగా ఉంది. అప్పట్లో నా గదిలో ఉన్న స్నేహితురాలు పొద్దున్నే "మేడం లేరు" అని మెసేజ్ పెట్టింది. నేను హాలియాలో పాఠాలు చెప్పే బడికి బయలుదేరే హడావిడిలో ఉన్నాను. "ఎటు పోయిన్రు?" అని తిరిగి రాశాను. కాసేపటికి ఆమే ఫోన్ చేసి ఏడ్చింది. అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. బడికి సెలవు చెప్పి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, ఒక ప్రశ్నే తిరిగింది. ఆమెను ఒక సంగతి అడుగుదామని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఇక అడగడానికి మనిషి లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో డిగ్రీ చదివాను. మాది నేత పని చేసేవాళ్ళ ఊరు, రోజూ వచ్చిపోయే వీలు లేక ఆడపిల్లల హాస్టల్‌లో చేరాను. వార్డెన్ మేడంది అమ్రాబాద్ దిక్కు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. కింద వరండాలో నిలబడి పిలిస్తే పై అంతస్తులో తలంటుకునేవాళ్ళు కూడా సబ్బు నురగతోనే పలికేవాళ్ళు. తనిఖీకి వచ్చే ముందు మాత్రం తలుపు బయట ఆగి గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే మేం హీటరును మంచం కిందికి తోసేవాళ్ళం. లోపలికొచ్చి గాలి పీల్చి, "ఉప్మా వాసనొస్తాంది. ఎవరన్న ఉప్మా గురించి మాట్లాడుకున్నరా?" అని అడిగేవారు. ముచ్చట పెట్టుకున్నామని చెప్తే, "జర ఉప్పు తక్కువైనట్టుంది" అని వెళ్ళిపోయేవారు. ఆమె మమ్మల్ని పట్టుకోవడానికి వచ్చేవారో, పట్టుకోకుండా ఉండడానికి వచ్చేవారో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

మెట్ల పక్క గోడ మీద హాస్టల్ రూల్స్ నీలం రంగుతో రాయించి ఉండేవి. అన్నీ ఆమె సొంత తయారీ. "గదులలో వంట నిషేధం" అని ఒకటి. దాని కిందే "వంట గిన్నెలు బాత్రూంలో కడగరాదు" అని ఇంకొకటి. వంటే నిషేధమైతే గిన్నెలెక్కడివి మేడం అని నేను ఒకసారి అడిగాను. "నిషేధం నా పని. గిన్నెలు మీ పని. ఎవరి పని వాళ్ళు చెయ్యాలె" అన్నారు. గేటు ఆరింటికి మూసేవారు. బస్సు దొరకక ఆలస్యంగా వచ్చినవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, చేతికి చాట ఇచ్చి బియ్యం ఏరించేవారు. ఏరుతున్నంతసేపూ తిట్టి, చివరికి వాళ్ళ కోసం మూతపెట్టి ఉంచిన అన్నం తానే వడ్డించేవారు. ఆ అన్నం ఎప్పుడు తీసిపెట్టారు, తిట్టకముందా, తిట్టినాకనా అని మేం గుసగుసలాడుకునేవాళ్ళం.

ఎవరైనా మరీ విసుక్కుంటే ఒక మాట అనేవారు. "రూలంటే గోడ గాదు బిడ్డా, గొళ్ళెం. గొళ్ళెం లోపటి దిక్కే ఉంటది, మర్చిపోకు." మేం దాన్ని ఆమెలాగే గొంతు పెంచి అనుకరించి నవ్వేవాళ్ళం.

ఆ గోడ మీద అన్నింటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్న రూలు, మమ్మల్ని చూడడానికి వచ్చేవాళ్ళ గురించి. తల్లి, తండ్రి, తోడబుట్టినవాళ్ళు, మేనమామ రావచ్చు. "బావలకు పర్మిషన్ లేదు." ఎందుకంటే గేటు దగ్గరికి ఏ కుర్రాడు వచ్చినా బావనే అని చెప్పేవాడు. మా తరగతిలో ఒక పిల్లకు ఒకే నెలలో ముగ్గురు బావలు పుట్టుకొచ్చారు.

నా తిప్పలు వేరు. మా నాయినను నేను బావ అని పిలుస్తాను. ఆయన ఇల్లుటం వచ్చిన మనిషి, అంటే పెళ్ళయ్యాక అత్తగారింట్లోనే ఉండిపోయిన అల్లుడు. ఇంట్లో మా మామలు, చిన్నమ్మలు అందరూ ఆయనను "బావా బావా" అంటుంటే, మాటలు వచ్చేనాటికి నాకూ అదే నోటికొచ్చింది. నవ్వుకున్నారే గాని ఎవరూ దిద్దలేదు. నన్ను హాస్టల్‌లో చేర్పించింది మా పెద్ద మామ కాబట్టి మేడం మా నాయినను ఎప్పుడూ చూడలేదు.

రెండో ఏడు పరీక్షలు దగ్గరపడ్డప్పుడు ఇంట్లో అమ్మ భుజం పడిపోయింది. మా చీరలకు నూలును మేకుల చట్రం మీద అటూ ఇటూ పోస్తారు, దాన్ని ఆసు అంటారు. రోజంతా ఒకే చెయ్యి ఆడుతుంది. మా దగ్గర అది ఆడవాళ్ళ పని. అమ్మ చెయ్యి లేవకపోతే మగ్గం ఆగుతుంది. ఇంటికి రమ్మని, ఇక చదువు చాలని కబురొచ్చింది. హాస్టల్‌లో సెల్‌ఫోన్లు నిషేధం కనుక మేడం గదిలో ఉన్న ఫోన్లోనే అమ్మతో మాట్లాడాను. "పరీక్షలన్న రాయనీయే అమ్మా" అని ఏడ్చాను. మేడం పక్కనే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. నేను ఫోన్ పెట్టేశాక మాత్రం, "మీ ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగారు.

"అవ్వ, తాత, మామలు, అమ్మ, బావ" అన్నాను.

నాయిన అని నేను అనలేదు, ఆమె అడగలేదు. ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు.

ఆ వారంలోనే ఆయన వచ్చాడు. గేటు అవతల ఉతికిన చొక్కా వేసుకుని, నా పెట్టె కట్టడానికని తాడు కూడా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మేడం నన్ను పిలిచి, "ఎవరాయన?" అని అడిగారు. అలవాటైన నోరు, "మా బావ మేడం" అంది. వరండాలో ఉన్న పిల్లలంతా పక్కున నవ్వారు.

"బావంటె మా నాయిననే మేడం" అని సర్దబోయాను.

"బావ బావనే, నాయిన నాయిననే. ఇద్దరొక్కలెట్లయితరు?" అని ఆమె గేటు దగ్గరికి నడిచారు.

"నేను దాని నాయినను మేడం. తోల్కపోను వచ్చిన" అన్నాడు ఆయన.

"పిల్లేమో బావంటాంది, నువ్వేమో నాయిననంటున్నవ్. నేనెవరిది నమ్మాలె?"

ఆయన జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. ఆమె చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇందుల పేరుంటది, వరస ఉండదు. పరీక్షలైనంక వాళ్ళమ్మను తోల్కొనిరా, పంపిస్త."

ఆయన నా వైపు చూశాడు. "చెప్పవేందే" అన్నాడు. నేను "నాయినా" అని పిలిచాను, బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. మేడం వెనక్కి తిరిగి, "ఇప్పుడు నేర్చుకున్నది చెల్లదు" అని గేటు వేసేశారు. ఆయన తాడు చేతికి చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె నన్ను అందరి ముందూ కోప్పడ్డారు, వరసలు కూడా తెలియని పిల్లకు డిగ్రీ ఎందుకని. నేను అన్నం తినలేదు. అవమానం ఒకవైపు, పరీక్షలు రాయొచ్చన్న సంతోషం ఒకవైపు, అమ్మ భుజం ఇంకోవైపు. దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

పరీక్షలు రాశాను. అక్కడ ఊళ్ళో, వేరే దారి లేక బావే ఆసు ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వాడంతా ఎగతాళి చేసినా లేవలేదు. నా చదువు నడిచింది, ఉద్యోగం వచ్చింది. అమ్మ కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ తల దాకా లేవదు. అందుకే మేడంకు దండం పెట్టాలో, ఆమెతో తగువు పడాలో నేను తేల్చుకోలేకపోయాను. నా అప్లికేషన్లో నాయిన పేరు ఉంది. ఒక్కసారి తీసి చూస్తే అయిపోయేది. మరి ఎందుకు చూడలేదు? నిజంగానే అర్థం కాలేదా, కావాలనే అర్థం కానట్టు చేశారా? తర్వాత రెండు మూడుసార్లు కలిసినా అడిగే ధైర్యం చాలలేదు. అర్థం కాలేదనే అంటే ఏం చెయ్యాలి? నా బతుకంతా ఒక పొరపాటు మీద నడిచినట్టు కదా.

బస్సులోంచి బావకు ఫోన్ చేసి మేడం పోయారని చెప్పాను. "పోయి రా. పెద్దమనిషి" అన్నాడు. తర్వాత, "ఇంట్లనేమో ఇల్లుటపల్లున్ని. ఆమె కాడ బావనైతిని. నన్ను నాయిన అన్నోళ్ళెవరే?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

అచ్చంపేట దాటి ఆమె ఊరు చేరేసరికి ఎండ తగ్గుతోంది. వాకిట్లో ఆమెను పడుకోబెట్టారు. అంత గొంతున్న మనిషి అంత చప్పుడు మధ్య నిశ్శబ్దంగా ఉండడం చూస్తే అప్పుడు ఏడుపొచ్చింది. కాళ్ళ దగ్గర నడి వయసు మనిషి ఒకాయన, "లే వదినా, జర లే వదినా" అని తల కొట్టుకుంటున్నాడు.

"ఆయన మేడం మరిదా?" అని పక్కనున్న ఆమెను అడిగాను.

"మరిదేంది, కొడుకు. ఒక్కడే కొడుకు" అందామె. "చిన్నాయినలంత వదినా వదినా అంటుంటె వాడు గూడ గదే నేర్చిండు. ఎంత జెప్పినా మారలె. ఆమెనే ఇడిసిపెట్టుండ్రి, ఎట్ల పిలిస్తేంది నా కొడుకు గాకపోతడా అనేది."

నా చేతిలో పూలు ఉన్నాయి, పెట్టడం మరిచిపోయాను. కన్నకొడుకుతో జీవితమంతా వదినా అని పిలిపించుకున్న మనిషికి, బావంటే నాయిన అని నేను చెప్తే అర్థం కాలేదా? తెలుసు. అంతా తెలిసే బావను గేటు దగ్గరి నుంచి పంపేశారు. తెలిసే ఆయనను నొప్పించారు, తెలిసే నన్ను నిలబెట్టారు. జవాబు దొరికితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆమె మీద పట్టరానంత ప్రేమ, బావ మీద పట్టరానంత జాలి రెండూ ఒకేసారి వచ్చి, మునుపటి కన్నా ఎక్కువ తికమకగా అయింది.

పాడె వెంట కొంతదూరం ఆడవాళ్ళం మేమూ నడిచాం. ఊరి బయట దింపుడు కళ్ళం దగ్గర దించారు. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉంటే పలుకుతారని, అక్కడ పోయినవాళ్ళ చెవిలో దగ్గరివాళ్ళు ఆఖరుసారి పిలుస్తారు. కొడుకు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా అని పిలువురా. ఇప్పుడన్న అమ్మా అను" అన్నాడు ఒక పెద్దాయన.

ఆయన వంగాడు. నోరు తెరిచి ఆగిపోయాడు. తల ఎత్తి, అందరి వైపూ దిక్కుతోచనట్టు చూశాడు.

"అమ్మా అంటె ఇంకెవల్నో పిలుస్తాన్రనుకుంటది పెద్దనాయినా" అన్నాడు.

మళ్ళీ వంగి, ఆమె చెవి మీద పడ్డ బంతిపూలను వేలితో పక్కకు జరిపి, మెల్లగా "వదినా" అన్నాడు. ఎవరూ కదలకుండా ఆమె ముఖం వంక చూస్తూ నిలబడ్డాం.