పిల్లికి గొర్రె రోగం

మా ఇంట్లో రోగాల సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, మా మామ, అంటే మా ఆయన వాళ్ళ నాయన. నలభై ఏళ్ళు పెన్‌పహాడ్ దగ్గర ఊళ్ళో గొర్రెలు కాశాడు. మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాక మందను అమ్మేసి సూర్యాపేటలో మా దగ్గరికి వచ్చాడు. గొర్రెలు పోయాయి గానీ వైద్యం పోలేదు. ఇంట్లో ఎవరు దగ్గినా తుమ్మినా "గొర్రెకు గిట్లనే వస్తే..." అని మొదలుపెడతాడు. నేను ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో సైన్స్ చెప్తున్నదాన్నని ఆయనకు పట్టదు. ఒకసారి నా నడుం నొప్పికి కూడా గొర్రె లెక్కనే మందు చెప్పాడు. తగ్గింది. అదే నా బాధ.

ఆ ఇంట్లో మామకంటే సీనియర్ మా పిల్లి. పద్నాలుగేళ్ళది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్, రోజూ బస్సులో పోయి వస్తాడు. ఇంట్లో ఎలుకలున్నాయని నేను వారం రోజులు సతాయిస్తే, మిల్లులో ధాన్యం బస్తాల సందున పుట్టిన పిల్లను ఒక గోనె సంచిలో వేసుకుని వచ్చాడు. మొదటి రెండేళ్ళు ఎలుకలను బాగానే పట్టింది. తర్వాత ఉద్యోగం పర్మనెంట్ అయిందనుకుందో ఏమో, మానేసింది.

మామకూ దానికీ పడేది కాదు. "పాలియ్యది, ఉన్నియ్యది, కూరకు రాదు. గిదేం జీవి?" అనేవాడు. ఆదివారం మటన్ వండితే మాత్రం అది ఆయన కాళ్ళ దగ్గరే కూర్చునేది. మామ నోట్లో పన్నన్నది లేక ఆరేళ్ళయింది, అయినా మటన్ ముందు కూర్చున్నాడంటే చిగుళ్ళతోనే ఎముకను పీల్చి పిప్పి చేస్తాడు. "పో, దొంగముండా" అని అరుస్తూనే దాని ముందుకు ఒక ముక్క విసిరేవాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనుషుల గురించి విన్నాను గానీ, తిట్టి మరీ పెట్టేవాణ్ణి ఈయన్నే చూశాను.

ఒక గురువారం పొద్దున నేను స్కూలుకు టిఫిన్ కట్టుకుంటుంటే గుమ్మం దగ్గర దబ్బుమని చప్పుడైంది. చూస్తే పిల్లి. లేవబోయి ఎడమవైపుకు పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. తల ఒక పక్కకు వంగిపోయి ఉంది. కళ్ళు రెండూ ఆగకుండా పక్కలకు కదులుతున్నాయి. ఎలాగో నిలబడి నడక మొదలుపెట్టింది గానీ, ఎటు పోదామన్నా ఎడమకే తిరుగుతూ ఉన్నచోటికే వస్తోంది. రాత్రి శుభ్రంగా పెరుగన్నం తిని పడుకున్న పిల్లి! టిఫిన్ డబ్బా అక్కడే పెట్టి కింద కూలబడ్డాను.

ఎవరైనా తోచక అటూ ఇటూ తిరిగితే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారంటాం. మా ఆయనను పెళ్ళయిన నాటి నుంచీ అంటున్నాను. నిజంగా తిరిగే పిల్లిని చూశాక ఆ మాట మళ్ళీ నోట రాలేదు.

మామ వచ్చాడు. వంగలేడు కాబట్టి కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు చూశాడు.

"తిరుగుడు రోగం" అన్నాడు. "గొర్లకొస్తది. మందల నుంచి పక్కకొచ్చి ఒక్కతే సుట్టూ తిరుగుతది."

"మందేంది మామా?"

"మందు లేదు బిడ్డా. మూడు పొద్దులు సూస్తం. మూడో పొద్దు గూకేదాక తిరుగుడు ఆగలేదంటే ఇగ ఆగది. గా తర్వాత తిప్పలు పెట్టుడు పాపం. మా తాత గట్లనే జేసిండు, మా అయ్య గట్లనే జేసిండు."

"మూడు పొద్దులైనంక ఏం జేస్తరు?"

"కోసుకుంటం."

పిల్లిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆయనకూ చటుక్కున తోచినట్టుంది, ఇది గొర్రె కాదని. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. గొర్రె శాస్త్రం ఒకటి చెప్తుంటే పిల్లి శాస్త్రం అడ్డం పడింది. మామ గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"మూడో పొద్దు గూకినంక సంచిల ఏసి పుట్టిన కాడ ఇడిసిపెడ్తం. మిల్లుల. గాడ దాని రాత ఎట్లుంటే గట్లయితది."

మా ఆయన వైపు చూశాను. ఆయన సబ్బు పెట్టె పట్టుకుని బాత్రూం ముందు నిలబడి ఉన్నాడు. "సూద్దాం తియ్" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో వాళ్ళ నాయనతో అన్నాడో ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో పిల్లి ఎక్కడ పడుకున్నా, గోడ మీద పిల్లి మాత్రం మా ఆయనే.

స్కూలుకు సెలవు చెప్పి, పిల్లిని కూరగాయల బుట్టలో పెట్టుకుని ఊళ్ళోని పశువుల దవాఖానకు పోయాను. అక్కడ నా ముందు మూడు బర్రెలు, ఒక మేకపోతు ఉన్నాయి. చీటీ రాసే ఆయన తల ఎత్తకుండా "గొర్రెనా, మేకనా?" అని అడిగాడు. పిల్లి అన్నాను. తల ఎత్తి, బుట్టలోకి చూసి, నన్ను చూసి, "ఇతరములు" అని రాసుకున్నాడు. డాక్టరమ్మ మంచిది. ఒక సూది వేసి, "నాకు బర్రెలంటే తెల్సు మేడం, కోదాడల కుక్కల్ని, పిల్లుల్ని సూసే ఆయన ఉన్నడు, గాయనకు సూపిస్తే మంచిది" అంది. తెలియనిది తెలియదని చెప్పే మనిషిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో అలాంటి మాట విని చాలా కాలమైంది.

మర్నాడు, రెండో రోజు, కోదాడ బస్సెక్కాను. సంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టు అంటారు. నేను పెళ్ళికి పోవడం లేదు, అయినా బస్సులో అందరి చూపూ అలాగే ఉంది. బుట్ట మీద కప్పిన తువ్వాలు లోపల అది మూలుగుతూ ఉంది. పక్క సీటు పెద్దమనిషి "ఏం పనిమీద పోతున్ననో గానీ తల్లీ, పిల్లి ఎదురొచ్చింది" అని గొణిగాడు. "ఎదురు రాలే, పక్కన కూసున్నది" అన్నాను. ఆయన లేచి వెనక సీటుకు పోయాడు. మంచిదే అయింది, బుట్టను సీటు మీద పెట్టుకున్నాను.

కోదాడ డాక్టరు దాని చెవుల్లోకి లైటు వేసి చూశాడు. కళ్ళు చూశాడు. బల్ల మీద నడిపించబోతే పడిపోయింది, చేత్తో పట్టుకున్నాడు.

"చెవిలో ఏం లేదమ్మా. దెబ్బ కూడా కాదు. ఒళ్ళు తూలకుండా చూసే నరం ఒకటుంటది, అది గాడి తప్పింది. ముసలి పిల్లులకి ఒక్కోసారి ఉన్నట్టుండి ఇట్టా వస్తది."

"ఎందుకొస్తదండీ?"

"తెలీదమ్మా."

"తగ్గుతదా?"

"దానంతటదే వస్తది, చాలామటుకు దానంతటదే పోద్ది. పోలేదంటే మెదడులో ఏదో ఉందనుకోవాలి, దానికి హైదరాబాదులో స్కానింగ్ తీయాలి. మొదటి మూడు రోజులు మహా ఇబ్బంది పెడతదమ్మా. ఆ తర్వాత చూద్దాం."

వాంతులు ఆగడానికి మందిచ్చాడు. తల వంచి తాగడం దానివల్ల కాదు కాబట్టి నీళ్ళు సిరంజితో పట్టమన్నాడు, గోడలకు కొట్టుకోకుండా చూసుకోమన్నాడు. వస్తూ వస్తూ, మా మామ గొర్రెల రోగమంటున్నాడని కూడా చెప్పాను. నవ్వాడు. "అది వేరు, ఇది వేరమ్మా. గొర్రెకైతే మెదడులో పురుగు చేరతది. అది తేరుకోదు."

ఇంటికి వచ్చేసరికి మామ వాకిట్లోనే ఉన్నాడు. "ఏమన్నడు?"

"ఎందుకొచ్చిందో తెల్వదన్నడు. మూడు రోజుల తర్వాత సూద్దామన్నడు."

మామకు నవ్వు ఆగలేదు. "గంత సదివి తెల్వదన్నడా! మూడు దినాల తర్వాత ఏముంటది బిడ్డా సూసేటందుకు? కూర ఉంటది."

శనివారం, మూడో రోజు, సెలవు దొరకలేదు. స్కూల్లో తొమ్మిదో తరగతికి ఏం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పిల్లి ఇంకా ఎడమకే తిరుగుతోంది, పడుతోంది. కానీ హాల్లో గోడల వెంట గోనె సంచులు మడతలు పెట్టి వరసగా ఆనించి ఉన్నాయి. తల తగిలినా నొప్పి పుట్టకుండా. మోకాళ్ళు వంగని మనిషి అవన్నీ ఎలా సర్దాడో! అడిగితే, "బండలు సల్లగున్నయ్, నా కాళ్ళకు ఏసుకున్న" అన్నాడు. గోడల వెంటా?

పొద్దు గూకింది. మామ పడమటి వైపు చూసి వచ్చి, గోడ దగ్గరి సంచుల్లోంచి ఒకటి తీసి, దులిపి, గుమ్మం పక్కన పెట్టాడు. దాని మీద సుతిలి తాడు. మర్నాడు ఆదివారమైనా సీజన్ కాబట్టి మిల్లు ఉంది, తెల్లారి ఆరింటి బస్సుకు కొడుకుతో పంపించాలని లెక్క.

"నేను పంప" అన్నాను.

"మూడు పొద్దులైనయ్ బిడ్డా."

"ఐతే అయినయ్."

"సూడలేక సెప్తున్న. అది బాధపడుతున్నది. కాసేటోనికి తెలుస్తది గా బాధ."

నా ఒళ్ళు మండిపోయింది. మూడు రోజుల భయమూ ఒక్కసారి నోట్లోకి వచ్చింది. "మామా, నీ మోకాళ్ళు పోయిన్నాడు నిన్ను ఎవరన్న సంచిల ఏసి పెన్‌పహాడ్‌ల దించొచ్చిండ్రా?" అన్నాను.

అన్నాక నాలిక కరుచుకున్నాను. ఏం లాభం? మా ఆయన ప్లేట్లో అన్నం కలపడం ఆపేశాడు. మామ నా వైపు చూడలేదు. కర్ర తీసుకుని పోయి మంచం మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని పడుకునేదాకా ఏడ్చాను. కానీ పిల్లిని పంపిస్తానని మాత్రం చెప్పలేదు.

తెల్లారి లేచి హాల్లోకి వస్తే పిల్లి లేదు. గుమ్మం పక్కన సంచి లేదు. మామ మంచం ఖాళీ.

బాత్రూం తలుపు దబదబా బాదాను. "పంపినవా? నిజం చెప్పు, పంపినవా?"

"నేనింకా స్నానమే చెయ్యలేదే!" అని లోపలి నుంచి అరిచాడు మా ఆయన.

అంటే ముసలాయనే తీసుకుపోయాడన్నమాట. చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు వైపు పరిగెత్తబోయాను. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ, "మీ మామ మిద్దె మీదున్నడు. ఒక్కొక్క మెట్టు కూసుంట కూసుంట ఎక్కిండు" అని చెప్పింది.

మిద్దె మీద లేత ఎండ పడుతోంది. సంచి నేల మీద పరిచి ఉంది. దాని మీద మామ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాళ్ళ మధ్య పిల్లి. ఎడమ చేత్తో దాని తల నిటారుగా పట్టుకుని, కుడి చేతి వేలిని పాలలో ముంచి దాని నోటికి అందిస్తున్నాడు. తల పట్టుకుంటే గానీ తాగలేదని నాకు తోచలేదు. కోదాడ డాక్టరూ చెప్పలేదు.

"కండ్లు సూడు" అన్నాడు, నావైపు తిరగకుండానే.

చూశాను. కళ్ళు ఊగడం ఆగిపోయింది. మామ చెయ్యి తీశాడు. పిల్లి లేచింది. తల ఇంకా వంకరగానే ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి. ఒకసారి ఎడమకు తూలింది గానీ పడలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ పాల గిన్నె దాకా, తిరక్కుండా, నడిచింది. నేను ఏడుస్తూ నవ్వాను. మామ నవ్వలేదు. సంచి అంచును వేళ్ళతో నలుపుతున్నాడు.

"మామా, నిన్న నేనన్న మాట..."

"గది ఇడిసిపెట్టు." పాల గిన్నెను పిల్లి ముందుకు ఇంకాస్త జరిపాడు. "తిరుగుడు రోగమొచ్చిన గొర్లను ఎన్నిటిని ఈ చేతులతోని కోసిన్నో బిడ్డా. మూడో పొద్దుకు కోసేటోన్ని. మా అయ్య గంతే, మా తాత గంతే. నాలుగో దినం ఏమైతదో మా ఇంట్ల ఎవ్వడు సూడలే."

"గొర్లది వేరే రోగం మామా. దాని మెదడుల పురుగుంటది. అవి తేరుకోవని డాక్టరు చెప్పిండు."

"గాయన సూసిండా, నాలుగో దినం?"

నేను సైన్స్ టీచరును. అయినా సంచి అంచు మీద ఆయన పక్కన కూర్చుని పిల్లినే చూశాను.

పిల్లి తేరుకుంది. మూడు వారాలకు నడక సర్దుకుంది, తల మాత్రం కొంచెం పక్కకే ఉండిపోయింది. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. కోదాడ డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం రాత్రి గురించి. పిల్లి బతికిందన్న సంతోషంలో, మామను అన్న మాటకు లెంపలేసుకున్నట్టు కూడా ఉంటుందని, కిలో మటన్ తెప్పించి బాగా మసాలా దట్టించి వండాను. మామ పళ్ళెంలో మెత్తటి ముక్కలు ఏరి వేశాను. ఆయన ఒక ముక్క తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆగి, మసాలా పోయేలా నీళ్ళలో కడిగి, చిన్న చిన్న పోగులు చేసి పిల్లి ముందు పెట్టాడు. తిట్టలేదు. మిగతా ముక్కలను ఒక్కొక్కటే మళ్ళీ కూర గిన్నెలోకి ఎత్తిపెట్టాడు.

"ఏమైంది మామా, కుదరలేదా?"

"కుదిరింది. పన్ను నొస్తుంది బిడ్డా. జర పప్పుంటే ఎయ్యి."

మా ఆయన నా వైపు చూశాడు. నేను పప్పు వేశాను.