ఉత్తుత్తి బీప్

ఎలుకల గదిలో జరిగిన తప్పు ఆమెది కాదు, నాది. ఎనిమిదేళ్ల కిందట మీటింగులో ఈ మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పుడు నేను శేరిలింగంపల్లిలో ఒక మందుల పరిశోధన సంస్థలో సీనియర్‌ని. పెట్టెలో ఎలుక ఉంటుంది. ముందు బీప్ మోగుతుంది, క్షణం తర్వాత ఒక రంధ్రంలో దీపం వెలుగుతుంది. అక్కడ ముక్కు పెడితే తీపి గుళిక. హెచ్చరిక విన్న ఎలుక సిద్ధంగా ఉండి చటుక్కున కదులుతుంది. ఎంత చటుక్కున అన్నదే మా కొలత.

ఒక వారం ఎలుకలు మందగించాయి. వాటికి మేత వేసి చూసుకునే ఆమె, పుప్పాలగూడ నుంచి వచ్చేది, నా దగ్గరికి వచ్చింది.

"సారూ, డబ్బా ఉత్తగనే మోగుతుంది. దీపం వస్తలేదు. గందుకే అవి ఇనుడు బంద్ జేసినయ్."

"నువ్వు మేత సంగతి చూడమ్మా. సైన్సు మేం చూసుకుంటాం."

"చూడుండ్రి సారూ. జర చెవులు గూడ పెట్టి చూడుండ్రి."

ఆ సాయంత్రం చూశాను. పరీక్షలో కొన్నిసార్లు కావాలనే దీపం వెలిగించం, అప్పుడు బీప్ కూడా ఆపాలి. పాత సెట్టింగులు కాపీ కొట్టి, ఆ ఒక్కటీ మరిచింది నేనే. ఉత్తుత్తి బీప్‌ను లెక్కచేయడం ఎలుకలు మూడు రోజుల్లో మానేశాయి. మేనేజర్ పంపే 'అర్జెంట్' మెయిళ్లకు మేం ఏళ్ల తరబడి ఉలిక్కిపడుతూనే ఉన్నాం. పీహెచ్‌డీలు మాత్రం మాకే ఇచ్చారు.

గుట్టుగా సరిచేశాను. సోమవారం మీటింగులో స్లైడు మీద 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని మేనేజర్ భరించలేడు.

"ఎలుకల్ని చూసుకునే ఆమె పరీక్ష మధ్యలో తలుపు తీస్తుందా ఏంటి?" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను టీ కప్పులోకి చూశాను. గడిలో 'సిబ్బంది నిర్లక్ష్యం' చేరింది. మాతో ఆ పరీక్షలు చేయిస్తున్న క్లయింటు సంతోషించాడు. ఆమె ఉద్యోగం పోయింది.

మొన్న, ఇప్పటి సంస్థలో, ఎలుకల గదికి వచ్చిన దరఖాస్తుల్లో ఆమెది కనిపించింది.

"పాత చోట నిర్లక్ష్యమట సార్. ఎవరూ తీసుకోలేదు. పక్కన పెట్టేద్దామా?" అంది హెచ్చార్ అమ్మాయి.

వద్దన్నాను. జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి రెండు సంస్థలకూ పంపాను. ఒక ప్రతి పట్టుకుని మియాపూర్ వెళ్లాను. ఆమె ఒక అపార్ట్‌మెంట్లో మెట్లు తుడుస్తోంది. కాగితం మొత్తం చదివింది.

"ఎనిమిదేండ్లకు యాదికొచ్చిందా సారూ? గప్పుడే చెప్తే నోరు నొస్తుండెనా?"

"మీరు చెప్పిందే నిజం," అన్నాను. "తప్పు నాదని తెలిసే నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."