వదినతో తావో చదివిన రోజులు

మా వదిన, అంటే మా ఆయన పెద్దక్క, ఆదిలాబాద్‌లో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఆమె ముందు ఇంగ్లీషు మాట్లాడాలంటే చుట్టాలందరికీ భయమే. మా పెళ్లి కార్డులో ఇంగ్లీషు తప్పు దొర్లిందని అచ్చయిన కార్డులన్నీ ముందేసుకుని పెన్నుతో దిద్దిన మనిషి. నేను తెలుగు మీడియంలో చదివి, నస్పూర్ దగ్గర ప్రభుత్వ బడిలో భౌతికశాస్త్రం చెప్తున్నాను. పెళ్లయ్యాక చాలా ఏళ్లు ఆమె ఎదుట నోట్లోంచి ఒక్క ఇంగ్లీషు ముక్క రానివ్వలేదు.

రిటైరైన ఏడాది ఎండాకాలంలో వదిన మా ఇంటికి వస్తూ రెండు పుస్తకాలు తెచ్చింది. చైనావాళ్ల పాత తావో గ్రంథం ఒకటే, ఇంగ్లీషు అనువాదాలు వేరువేరు. ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఇదెందుకు వదినా, నాకేం సమజైతది?" అన్నాను.

"నాకూ సమజైతలేదు. సిలబస్‌ల లేనిది ఒక్కటన్న చదువాలె గదా. ఒక్కలు జేసిన అనువాదమే చదివితే వాళ్లు జెప్పిందే నిజమనుకుంటం. అందుకే నీకు ఇంకొకలది తెచ్చిన."

నాకు అర్థం కానిదొకటి తనకూ అర్థం కాలేదని ఆమె చెప్పడం అదే మొదటిసారి. అందుకే చదవడానికి ఒప్పుకున్నాననుకుంటాను.

బడి నుంచి వచ్చాక, మా ఆయన శ్రీరాంపూర్ గనిలో సెకండ్ షిఫ్టుకు పోయిన రోజుల్లో, డాబా మీద కూర్చుని చదివేదాన్ని. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడినట్టే పేజీల మీదా పడేది. విచిత్రమేమిటంటే డిక్షనరీ అవసరం అంతగా పడలేదు. మాటలన్నీ చిన్నవే, మా బడి పిల్లలకు కూడా తెలిసినవే. మాటలు తెలిసేవి, వాక్యం తెలిసేది కాదు. న్యూటన్ సూత్రం చెప్పేటప్పుడు ఒక్కో మెట్టు ఎక్కిస్తాను. ఇందులో మెట్లు లేవు. ఒక మాట చెప్పి ఊరుకుంటుంది.

ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ఒకే అధ్యాయానికి నా పుస్తకంలో ఒక అర్థం, ఆమె పుస్తకంలో ఇంకో అర్థం. నా దాంట్లో మంచి పాలకుడు ఏమీ చేయడు. ఆమె దాంట్లో దేన్నీ బలవంతం చేయడు. దాని మీద మేం చాలాసేపు వాదించుకున్నాం. వదిన చైనా భాష రాకపోయినా అనువాదకుడి తప్పులు దిద్దేది. "ఈడ గీ మాట రాంగ్. గట్ల రాయొద్దు" అని గట్టిగా చెప్పేది. ఎట్లా తెలుసని అడిగే ధైర్యం నాకు లేదు. మా ఆయన పక్కనుంచి విని నవ్వేవాడు. "గనిల ఏం జెయ్యకుంట కూసుంటె ఛార్జిషీటిస్తరు. మీ చైనాయనకు జెప్పుండ్రి."

ఇట్లా రెండేళ్లకు పైనే గడిచింది. పత్తి సీజన్లో ఒకరోజు పొద్దున్నే ఆదిలాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. వదిన ఉండే ఇంటి కింది వాటాలో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆ ఇంటావిడ చేసింది.

"పాలు పొంగి మాడు వాసనొస్తుంటె పైకి వోయిన. మేడం కుర్చీల కూసోనే ఉన్నరు, మాట్లాడ్తలేరు. మావాళ్లు దవాఖానకు తీస్కపోతున్నరు. మీరు జర జల్దీ రండి."

ఉట్నూరు మీదుగా బస్సులో వెళ్లాం. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. అక్కడి నుంచి కరీంనగర్‌లో ఒక పెద్దాసుపత్రికి మార్చాం. కుడి చేయి కొన్ని వారాల్లో తేరుకుంది. మాటే పోయింది. మొదట్లో ఏమడిగినా "లేదు" అనేది. నీళ్లు కావాలా అంటే లేదు, నొప్పిగా ఉందా అంటే లేదు. ఏ భాష ముందు తిరిగొస్తుందో, ఏది రాదో ముందే చెప్పలేమన్నాడు డాక్టరు.

తెలుగు వచ్చింది. మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు కలిపే తెలుగు కాదు, వాళ్ల అవ్వ, అంటే మా అత్తమ్మ, మాట్లాడిన తెలుగు. ఇంగ్లీషు రాలేదు. అక్షరాలు గుర్తుపట్టేది కానీ అవి కలిసి ఏం చెప్తున్నాయో తెలిసేది కాదు.

నస్పూర్‌కు తీసుకొచ్చి, ఆదిలాబాద్ నుంచి ఆమె బట్టలూ పుస్తకమూ తెప్పించి, మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఒక సాయంత్రం నా పుస్తకం కనిపించి చేతిలోకి తీసుకుంది. చాలాసేపు ఒకే పేజీ చూసింది. తర్వాత గోడకేసి కొట్టింది. నేను తీసి అలమరాలో పెట్టబోతుంటే ఆపింది.

"నువ్వు జెప్పు. తెలుగుల."

జీవితమంతా ఎదుటివాళ్ల ఇంగ్లీషు దిద్దిన మనిషికి నేను ఇంగ్లీషు పుస్తకం అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పాలి. మొదటి అధ్యాయం తీసి, తావో అన్న మాటకు "మార్గం..." అని మొదలుపెట్టాను.

తల అడ్డంగా ఊపింది. నేను తప్పు చదివానేమోనని మళ్లీ చూసుకున్నాను.

"మార్గం గాదు," అన్నది మాట కోసం వెతుక్కుంటూ. "తొవ్వ."

ఇంట్లో అందరం తొవ్వ అనే అంటాం. మార్గం అని బళ్లో రాస్తాం. ఇంగ్లీషు నుంచి వచ్చేది బడి తెలుగులోకే రావాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. తొవ్వ అనే చదివాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

అప్పటి నుంచి దాదాపు రోజూ బడి నుంచి రాగానే కొంచెం చెప్పేదాన్ని. నా పుస్తకపు మాటల్లో సగం ఆమె ఒప్పుకునేది కాదు. ఒకరోజు మా పాత తగాదా దగ్గరికొచ్చాం. నేను "నిష్క్రియత" అన్నాను.

"గదేంది?"

"ఏం చెయ్యకుంట ఉండుడు వదినా. నీ పుస్తకంల బలవంతం చెయ్యకుంట ఉండుడని ఉన్నది."

"ఊకె ఉండుడు," అన్నది చివరికి.

రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటికీ ఆ మాట సరిపోయింది. ఏమీ చేయకపోవడమూ ఊకె ఉండుడే, దేన్నీ కెలకకపోవడమూ ఊకె ఉండుడే. ఆమెకు చెప్తే పెద్దగా పట్టించుకోలేదు, చాయ్ అడిగింది.

ఆ పుస్తకం ఆమెకు శాంతినిచ్చిందని చెప్పలేను. చెప్తే వినడానికి బాగుంటుంది కానీ అట్లా జరగలేదు. కూర బాగాలేదని కంచం తోసేసిన రోజులున్నాయి. ఒకరోజు నేను చదువుతుంటే మధ్యలో ఏడ్చింది.

"పిల్లలకు ఇంగ్లీషు జెప్పుడే నా బతుకు. గది వోయినంక నేనెవలు? నువ్వే జెప్పు."

జవాబు పుస్తకంలో ఉందేమోనని ఆ పూట వెతకాలనిపించలేదు. మూసేసి పక్కన కూర్చున్నాను. వర్షం మొదలైతే లేచి బట్టలు తీసుకొచ్చాను.

కొన్ని నెలలకు తిరిగి ఆదిలాబాద్ పోతానన్నది. మా ఆయన అస్సలు ఒప్పుకోలేదు.

"ఒక్కదానివే ఎట్లుంటవ్ అక్కా? మల్ల ఏమన్నయితే?"

"అయితే అయితది. కిందోళ్లు ఉన్నరు. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

"ఈడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదు తమ్మీ. నా ఇల్లు ఆడుంది."

ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత ఆయనే కారు మాట్లాడి దింపి వచ్చాడు. కింది ఇంటావిడ పొద్దున, సాయంత్రం పైకెళ్లి చూసి వస్తానని మాటిచ్చింది, ఇప్పటికీ చూస్తోంది.

చలికాలంలో నేను వెళ్లినప్పుడు ఇద్దరం కూరగాయల మార్కెట్‌కు పోయాం. చిక్కుడుకాయలామెతో వదిన మరాఠీలో బేరం చేస్తుంటే, ఇంగ్లీషు పోయినా ఇది ఎక్కడ దాగుందోనని చూస్తూ నిలబడ్డాను. అంతలో కోటు వేసుకున్న నడివయసాయన ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఒకప్పటి విద్యార్థి. తడుముకోకుండా మంచి ఇంగ్లీషులో మాట్లాడుతూ పోయాడు. ఆమె మెచ్చుకుంటుందని ఆశపడుతున్నట్టు ఉన్నాడు. నాకు కంగారు పుట్టింది. ఆమె చివరిదాకా విన్నది.

"బిడ్డా, నాకు ఇంగ్లీషు వోయింది. తెలుగుల జెప్పు."

ఆయన ముఖంలో రంగు మారింది. తన క్లాసులో తెలుగు మాట్లాడితే బయట నిలబెట్టిన మేడం ఆమె. నావైపు చూశాడు.

"మీ అవ్వ మంచిగున్నదా?" అన్నది వదిన.

"మోకాళ్లు నొస్తున్నయి మేడం. నడుస్తలేదు."

ఆ మోకాళ్ల గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. జనం మమ్మల్ని తప్పించుకుంటూ పోతున్నారు. ఆయన వెళ్లిపోయాక వదిన సంచీ నా చేతికిచ్చి, క్యాలీఫ్లవర్ ఎంతో అడిగి రమ్మన్నది.

మర్నాడు బస్సెక్కాను. నా పుస్తకం సంచీలోనే ఉంది. ఉట్నూరు దాకా చదివాను. తర్వాత మలుపులకు కళ్లు తిరుగుతుంటే మూసేసి, జన్నారం అడవి దాటేదాకా కిటికీలోంచి చూస్తూ ఊకె కూర్చున్నాను.