మంచుకొండకు కత్తిరించిన కాగితం

టీచరమ్మ పోయిందని పులివెందుల నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను పెళ్ళికొడుకు షర్టు కత్తిరిస్తున్నాను. సగం కోతలో కత్తెర ఆగిపోయింది. ఆ గుడ్డ మూడోనాటికి కూడా బల్ల మీదే ఉంది. పెళ్ళివాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్నాను.

ఆమె జమ్మలమడుగు బడిలో సోషల్ టీచరు. ప్రొద్దుటూరులో మా టైలరింగ్ అంగడికి ఎదురిల్లు. ఏళ్ళ తరబడి పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి దిగేది. రిటైరయ్యాక తోటివాళ్ళు తీర్థయాత్రలు పెట్టుకుంటే ఆమె కంప్యూటరు పెట్టుకుంది. దక్షిణ ధ్రువం చుట్టూ సముద్రంలో కొట్టుకుపోయే మంచుకొండలను ఉపగ్రహాలు ఫోటోలు తీస్తుంటాయనీ, వాటిని ఎవరైనా చూడొచ్చనీ ఆమె చెప్పేదాకా మా వీధికి తెలియదు. వాటిలో ఒకదాని వెంట పడింది. మా ఊరంతా దాని మీద పరిచినా ఇంకా చోటు మిగిలేంత పెద్దది. శాస్త్రజ్ఞులు అక్షరం, అంకె కలిపి పెట్టిన పేరు ఆమెకు నచ్చలేదు. ఇంట్లో పెద్దాయనను అన్నట్టు "ఆయప్ప" అనేది. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం అంగట్లోకి వచ్చి, ఆయప్ప ఈ వారం కదల్లేదని, సొంత మేనమామ సంగతి చెప్పినట్టు చెప్పేది. నేను నవ్వేవాణ్ణి. మా తమ్ముడు ఆ సముద్రానికే పోయేదాకా నవ్వాను.

మా వీధి పిల్లలు కువైట్ పోతారు. మావాడు మాత్రం ఓడలో వంటవాడిగా చేరాడు. మంచు ఖండంలో పరిశోధనలు చేసేవాళ్ళకు సామాన్లు చేరవేసే ఓడ అది. ఒకరోజు వాడి నుంచి మెసేజ్ వచ్చింది. గడ్డకట్టిన సముద్రంలో ఓడ ఇరుక్కుంది, పెద్ద మంచుకొండ ఒకటి మా వైపే జరుగుతోందంటున్నారు, ఇక ఫోన్ కలవకపోవచ్చు, అమ్మకు చెప్పొద్దు. నేను పైకే చదివాను. అమ్మ వెనకే నిలబడి ఉందని చూసుకోలేదు.

ఓడ ఎక్కడుందో మ్యాపు ఫోటో కూడా పంపాడు. అది తీసుకుపోయి టీచరమ్మ తన కంప్యూటరులోని చిత్రం పక్కన పెట్టి చూసింది. ఆ మంచుకొండ ఆయప్పే.

అక్కడ ఎప్పుడూ మబ్బే. మబ్బులోంచి కూడా చూడగలిగే రాడార్ చిత్రాలు కొన్ని రోజులకొకటి వచ్చేవి. వాటిలో చిన్నా పెద్దా తెల్ల ముక్కలు చాలా ఉంటాయి. పైగా మంచుకొండ పోతూ పోతూ గుండ్రంగా తిరుగుతుంది. నిన్న పైకున్న మూల ఇవాళ పక్కకుంటుంది. ఏది ఆయప్పో పోల్చుకోవడం కష్టం. అందుకని టీచరమ్మ జిరాక్స్ అంగట్లో ప్రతి చిత్రాన్నీ ఒకే సైజులో తీయించి తెచ్చేది. మొదటి చిత్రంలోని ఆకారాన్ని నేను ఖాకీ కాగితం మీద గీసి, షర్టుకు కత్తిరించినట్టే కత్తిరించాను. కొత్త చిత్రం మీద ఆ కాగితాన్ని తిప్పుతూ సరిపోయే ముక్కను వెతికేవాళ్ళం. మా అమ్మ అంగడి వెనకే ఉన్న మా ఇంటి గడప దగ్గర తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుని మా చేతులనే చూసేది. తిండి మానేసింది.

అట్లా ఒకరోజు కాగితం ఎంత తిప్పినా కుదరలేదు. నా చెయ్యి ఊరుకోదు కదా. షర్టు ముందు భాగానికి కాగితం ఒక్కటే ఉంటుంది. కుడివైపు గీశాక దాన్నే తిరగేసి ఎడమవైపు గీస్తాం. అలవాటు కొద్దీ తిరగేశాను. ఓడకు దూరంగా ఉన్న ఒక ముక్క మీద అచ్చంగా కూర్చుంది. టీచరమ్మ వంగి చూసి, ఒకసారి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, ఆయప్ప పక్కకు తప్పుకున్నాడని తానే లోపలికి పోయి అమ్మకు చెప్పింది. ఆ పూట అమ్మ అన్నం తిన్నది. నా ప్రాణం లేచి వచ్చింది.

మరునాడు నేను షట్టర్ ఎత్తుతుండగానే టీచరమ్మ వచ్చి నిలబడింది.

"మనం కాగితం తిరగేసినాం అప్పా. ఆయప్ప నీళ్ళ మీద తిరుగుతాడు గానీ, అంత పెద్ద పలక బోర్లా పడదు. నిన్న చూసింది వేరేది."

అమ్మకు మాత్రం చెప్పొద్దని బతిమాలాను. నిన్ననే కదా రెండు ముద్దలు తిన్నది, నిజం తెలిసి ఆమె చేయగలిగింది మాత్రం ఏముంది అన్నాను. కోపంగానే అన్నాను.

"నా మాట మీద తినింది. అది తప్పని నేనే చెప్పాల."

లోపలికి పోయి చెప్పింది. "ఇంక మా ఇంటికి రావద్దు టీచరమ్మా" అన్నది అమ్మ.

టీచరమ్మ ఇంట్లోకి పోలేదు, అంతే. అంగట్లో బెంచీ మీద కూర్చుని, కాగితం మీద ఒకవైపు పెద్ద అక్షరాలతో "ఇది పైవైపు" అని రాసింది. ఆ వైపే పైకి పెట్టి చిత్రం మీద మెల్లగా తిప్పాం. ఈసారి ఆయప్ప దొరికాడు. మ్యాపులో వాడి ఓడ ఉన్నచోటికీ ఆయనకూ మధ్య నా గోరు పట్టేంత సందు ఉంది. తర్వాతి చిత్రం వచ్చేదాకా ఆ వీధిలో మేమిద్దరం ఎట్లా తిరిగామో మాకే తెలుసు. అమ్మ మాత్రం ఒక పొద్దు తానే గడప దాటి వచ్చి, టీచరమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఈ పొద్దు ఆయప్ప యాడుండాడు?"

ఆ రోజు చిత్రంలో ఆయన ఉన్నచోటే ఉన్నాడు. కాగితాన్ని బాగా పక్కకు తిప్పితే గానీ సరిపోలేదు. ఒక మూల సముద్రం అడుగున నేలకు తగులుకున్నట్టుందని, దాని మీదనే తిరుగుతున్నాడని టీచరమ్మ చెప్పింది. ఆయన వెనకపక్క మంచు విచ్చుకుని నల్లటి నీటి చార కనిపించింది. ఓడ అందులోంచి వస్తుందా అని అమ్మ అడిగింది. రావచ్చు, తెలియదు అన్నది టీచరమ్మ. ఆమె "తెలియదు" అన్నా అమ్మ ఆ పూట అన్నం తిన్నది. ఓడ ఆ చార వెంటే బయటపడిందని కొన్నాళ్ళకు తమ్ముడి గొంతు ఫోన్‌లో వినపడింది. ఆ తెల్లగోడ కిటికీ నిండా ఉండేదనీ, లైఫ్ జాకెట్లు వేసుకునే పడుకున్నామనీ చెప్తుంటే అమ్మ ఫోన్ టీచరమ్మ చెవికి పెట్టింది.

ఈ ఏడు ఆమెకు జబ్బు చేసి పులివెందులలో చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు చూడబోయాను. మందులు పనిచేయడం లేదని డాక్టరు చెప్పాడట. అక్కకు తెలియనీయొద్దని చెల్లెలు వాకిట్లోనే నా చెయ్యి పట్టుకుంది. మంచం దగ్గర కూర్చోగానే టీచరమ్మ డాక్టరు ఏమన్నాడని అడిగింది. తగ్గిపోతుందంట అన్నాను. ఆమె దుప్పటి మీద వెల్లకిలా ఉన్న తన అరచేతిని మెల్లగా బోర్లించి, నా వైపు చూసింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అంతా విని, బోర్లించిన చేతిని మళ్ళీ వెల్లకిలా తిప్పి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు సరిగ్గా పెట్టినావు" అన్నది.

ఆ కాగితం ఇప్పుడు అంగట్లో చొక్కాల కాగితాల పక్కన మేకుకు వేలాడుతోంది. ఇదేం బట్టకు కటింగు మామా అని వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ఫ్యాను గాలికి అది అప్పుడప్పుడు వెనక్కి తిరుగుతుంది. అప్పుడు కత్తెర పక్కన పెట్టి లేస్తాను. ఆమె రాసిన వైపు ముందుకు తిప్పి, వచ్చి కూర్చుంటాను.