తూర్పు గ్యాలరీ కింద మస్తాన్ గారు

ఈ ఉదయం మా వీధి చివర కట్టే ఇంటి ముందు లారీ ఇసుక దించి వెళ్లింది. ఆ తడి వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నా నోట ఉప్పదనం ఊరింది. ఇన్నేళ్లయినా అంతే. ఆ వెంటనే మస్తాన్ గారు గుర్తుకొచ్చారు.

అరవైల తొలినాళ్లలో నెల్లూరులో ఒక క్రీడాసంఘం పైకప్పు ఉన్న ఆటల భవనం కట్టించ తలపెట్టింది. అప్పటిదాకా మా ఊళ్లో షటిల్ ఆట సముద్రపు గాలి దయ మీద నడిచేది. సాయంత్రం తూర్పుగాలి లేస్తే షటిల్ ఎవరి మాటా వినేది కాదు. అందుకని నాలుగు గోడల మధ్య పక్కపక్కన రెండు కోర్టులు, ఒక్కొక్కటి నలభై నాలుగు అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. తెల్లని షటిల్ స్పష్టంగా కనబడేలా గోడలకు ముదురాకుపచ్చ రంగు. ఆటగాడి కళ్లలో వెలుగు పడకుండా కిటికీలన్నీ కప్పు అంచున. నేలకు టేకు పలకలు. తూర్పున, పడమరన పన్నెండేసి మెట్ల గ్యాలరీలు, వాటి కింద ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదులు. ఒక్కో గ్యాలరీని మోసేవి ఆరు కాంక్రీటు స్తంభాలు. డిప్లొమా పుచ్చుకుని అప్పుడే బయటికొచ్చిన నేను ఆ పనికి ఓవర్‌సీర్‌ను. మస్తాన్ గారు పెద్దమేస్త్రి. కాగితం మీద ఆయన నా కింద పనిచేసేవారు. నలుగురిలో నన్ను ‘ఓవర్‌సీర్ గారూ’ అనీ, ఒంటరిగా ఉన్నప్పుడు ‘అబ్బయా’ అనీ పిలిచేవారు.

బండి ఇసుక వచ్చిన ప్రతిసారీ ఆయన చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవారు. నేను గాజు జాడీలో నీళ్లు పోసి, ఇసుక కలిపి, ఒండ్రు ఎంత మందాన పేరుకుందో కొలిచేవాణ్ని. “ఆ జాడీకి నోరు లేదబ్బయా, నువ్వు కూడా ఒకసారి నాలిక మీద ఏసుకో” అన్నారొక రోజు. కూలీలు నవ్వారు. చదువుకున్నవాడు మట్టి తినడమేమిటని నేను తల తిప్పుకున్నాను.

కార్తీకంలో పెన్నకు నీళ్లొచ్చాయి. రేవుల్లోకి బండ్లు దిగే వీలు లేదు. అదే వారం మస్తాన్ గారు జ్వరంతో మంచాన పడ్డారు. పోటీలకు తేదీ దగ్గర పడుతోందని సంఘం కార్యదర్శి రోజూ గుర్తుచేస్తున్నాడు. అప్పుడు రెండు బండ్ల ఇసుక వచ్చింది. “పెన్నదే సార్, ముందే ఎత్తి పెట్టినాం” అన్నాడు బండివాడు. జాడీలో వేశాను. ఒండ్రు దాదాపు లేదు. అంత శుభ్రమైన ఇసుకను నేనెప్పుడూ చూడలేదు. సంతోషంగా తూర్పు వైపు మిగిలిన స్తంభాలు పోయించాను.

మర్నాడు మిగిలిన కుప్పలో ఒక చిన్న గవ్వ ముక్క కనిపించింది. చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు. అది మైపాడు వైపు నుంచి తోలుకొచ్చిన సముద్రపు ఇసుక. అలలు కడిగిన ఇసుకలో ఒండ్రు ఎందుకుంటుంది? ఆ ఉప్పు లోపలి ఇనుప కమ్మిని మెల్లగా తింటుంది. పైకి కనబడటానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ మెట్ల మీద ఎవరు కూర్చుని ఉంటారో, నేనెక్కడ ఉంటానో! నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. స్తంభాలు మాత్రం రోజురోజుకూ గట్టిపడుతున్నాయి.

ఐదో రోజు మస్తాన్ గారు దుప్పటి కప్పుకునే పనికి వచ్చారు. స్తంభాల మీద దూలం పోయడానికి చెక్కలు బిగించి ఉన్నాయి. ఆయన్ను పక్కకు పిలిచి చెప్పేశాను. కసురుతారనుకున్నాను.

“ఆ ఇసకతో ఎన్ని పోసినావు?” అన్నారు.

“రెండు.”

“రెండేనా?”

మూడోది ఇసుక వచ్చిన రోజు సాయంత్రమే మొదలుపెట్టాం. అడుగున మిగిలిన పాత పెన్న ఇసుక కుప్పలోంచి ఎత్తారో, కొత్త కుప్పలోంచి ఎత్తారో నేను చూడలేదు. “తెలీదు” అన్నాను.

“అదే రాయి పని పుస్తకంలో. తెలీదని రాయి.”

మూడు స్తంభాలూ పగలగొట్టాలని మస్తాన్ గారు చెప్పగానే కార్యదర్శి మండిపడ్డాడు. “ఏం మస్తానూ, నిలబడిన స్తంభాన్ని పగలగొట్టేదేంది? జ్వరం తలకెక్కిందా?”

“ఓవర్‌సీర్ గారు చెప్తారు సార్” అని ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. రెండింటిలో ఉప్పుందనీ, మూడోదాని సంగతి తెలియదనీ చెప్పాను.

“తెలీకపోతే దాన్నెందుకు కొట్టేది?”

“తెలీదు గనకే సార్” అన్నారు మస్తాన్ గారు. “పైన కూర్చునేవాళ్లకి ఏం చెప్పమంటారు?”

మూడూ పగిలాయి. కమ్ములు మార్చి, పెన్న తగ్గాక మళ్లీ పోశాం. ఆ ఏటి పోటీలు వేరే ఊరికి తరలిపోయాయి. టీ అంగట్లో నన్ను చూడగానే “ఏంది ఓవర్‌సీరన్నా, ఇయ్యాల ఎవరి కాళ్లు ఇరగ్గొట్టినావు?” అని నవ్వేవారు. పని ముగిశాక సంఘం నన్ను మళ్లీ ఏ పనికీ పిలవలేదు.

ప్రారంభం నాడు జనం గ్యాలరీలు నింపేశారు. మంచి దెబ్బ పడ్డప్పుడల్లా కాళ్లతో మెట్లు దద్దరిల్లేలా తొక్కేవారు. నేను కోర్టు వైపు చూడలేక తూర్పు గ్యాలరీ కిందికి వెళ్లాను. మస్తాన్ గారు అప్పటికే అక్కడున్నారు, దూలం అడుగు భాగాన్నే చూస్తూ.

“నువ్వు పోయి ఆట చూడబ్బయా” అన్నారు.

“మీరు?”

“ముప్పై ఏళ్ల నించి కడతా ఉండా. ఒక్క ప్రారంభమూ కుర్చీలో కూర్చుని చూడలా.”

అంతవరకూ ఆయనకు భయం లేదనుకున్నాను. ఆయన నుదుటి మీది చెమటను ఆ రోజే చూశాను. తర్వాత నేను చాలా కట్టడాలు కట్టాను. నా నివేదికల్లో ‘తెలియదు’ అన్న మాట చూసి పైఅధికారులు చిరాకు పడేవారు, నేను కొట్టివేయలేదు. ప్రతి ప్రారంభం నాడూ ముందు వరసలో నాకొక కుర్చీ వేసేవారు. అది ఖాళీగానే ఉండేది.