ఎదురుగాలిలో పెడల్ ఆగింది

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వొక్కటే కాదు, ఒళ్లు మంట కూడా. సిద్దిపేటలో చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. ఒకసారి మా వీధి మలుపులో ఎవరో దిష్టి తీసి నిమ్మకాయలు పెట్టిపోతే, తెచ్చి కడిగి షర్బత్ చేసుకుని తాగాను. ఆ రోజంతా నా భార్య నాతో మాట్లాడలేదు. నాకేమీ కాలేదు, నిమ్మకాయలు కూడా బాగానే ఉన్నాయి.

అటువంటివాణ్ణి ఇప్పుడు ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నేనే చదివేవాణ్ణయితే ముందు నేనే నవ్వేవాణ్ణి.

ఇది మా అక్క కూతురు రవళి సంగతి. అక్కను మర్కూక్ పక్క ఊరికి ఇచ్చాం. బావ పేరు యాదగిరి, కల్లు గీసేవాడు. పొద్దున్నే తాటిచెట్లెక్కి దిగి, పాత సైకిల్‌కు రెండు పక్కలా లొట్టి కుండలు కట్టుకుని కల్లు దుకాణానికి తీసుకుపోయేవాడు. ఆ సైకిల్ మడ్‌గార్డు వదులైపోయి గలగలమనేది. మనిషి కనబడకముందే మడ్‌గార్డు చెప్పేది, యాదగిరి వస్తున్నాడని. బిగించుకోరాదా బావా అంటే, బిగిస్తే గిరాకీకి నేనొచ్చింది ఎట్ల తెలుస్తది అని నవ్వేవాడు.

రవళి ప్రజ్ఞాపూర్ బడికి సైకిల్ మీదే పోయేది. కొండపోచమ్మ సాగర్ జలాశయం కట్టినప్పటి నుంచి ఆ వైపు గాలి మరీ ఎక్కువైందని మా బావ గట్టి నమ్మకం. నేను కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పిల్లకు గాలి తగలకుండా తాను ముందు తొక్కేవాడు, అది వెనకే వచ్చేది. "నా చక్రం జూసుకుంట రా బిడ్డా, ఇంకేం జూడకు" అనేవాడు. కల్లు దుకాణం దారి చీలే దగ్గర, వెనక్కి తిరక్కుండానే క్యారియర్ మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి పక్కకు జరిగేవాడు. ఇక నువ్వు పో అని అర్థం. అక్కడి నుంచి అది ఒక్కతే బడికి పోయేది.

ఒకరోజు బావకు జ్వరం వచ్చి ఆలస్యంగా బయల్దేరాడు. ముందు పోయిన పిల్ల ఒక ట్రాక్టర్ ట్రాలీ వెనక నక్కి గాలి తప్పించుకుంటూ పోవడం చూశాడు. ట్రాలీవాడు బ్రేకు వేస్తే అంతే సంగతులు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి, రోడ్డు పక్కన దాన్ని ఆపి, దాని చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకున్నాడు. తన వెనక తప్ప ఇంకెవరి వెనకా పోనని ఒట్టు వేయించుకున్నాడు. అది వేసింది.

తర్వాత బడిలో ఆటల సారు కంట్లో పడి, సైకిల్ పందేలు నేర్పే స్పోర్ట్స్ హాస్టల్‌కు ఎంపికైంది. సైకిల్ కూడా వాళ్లే ఇచ్చారు. సైకిల్ పందెంలో అసలు కిటుకేమిటో తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ముందున్నవాడి చక్రానికి ఆనుకున్నట్టు వెనకే తొక్కితే గాలి వాడికి తగులుతుంది, మనకు చాలా శ్రమ తగ్గుతుంది. చివర్లో బయటికొచ్చి దాటేస్తారు. ఎంత బలమున్నా సరే, ఒంటరిగా గాలిలో తొక్కేవాడు ఓడిపోతాడు.

రవళి మొదటి పందెంలో కోచ్ చెప్పినట్టే ఒకమ్మాయి చక్రం పట్టుకుని పోయింది. రెండో బహుమతి కొట్టింది. కప్పు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. బావ ఆ కప్పును కల్లు దుకాణంలో అందరికీ చూపించాడు.

ఆ వారంలోనే బావ తాటిచెట్టు మీద నుంచి పడిపోయాడు.

తెల్లవారుజామున తుంపర పడింది. మాను తడిసి ఉంది, కాలు జారింది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. గీసేవాళ్లు చెప్పులు చెట్టు మొదట్లో విప్పి ఎక్కుతారు. ఆ చెప్పులు అక్కడే ఉండిపోయాయి. అక్క వాటిని తెచ్చి గడప పక్కన పెట్టుకుంది, తీయనివ్వదు. వట్టి కాళ్లతో పోయిండు మనిషి అని అదే ఏడుపు.

మేమందరం వానను తిట్టుకున్నాం. రవళి మాత్రం ఒట్టు గురించి ఆలోచించింది. ఎవరి మీద ఒట్టు వేసి తప్పితే వాళ్లకు చేటని మా దగ్గర చిన్నపిల్లలు కూడా నమ్ముతారు. పందెంలో వేరేవాళ్ల వెనక పోయినందుకే బాపు పోయిండని దాని మనసులో పడింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి పందెంలోనూ గుంపుకు ఎడంగా, ఒంటరిగా గాలిలో తొక్కి, అలసిపోయి ఓడిపోవడమే. కోచ్ తిట్టాడు, బతిమాలాడు. అది కారణం చెప్పలేదు. ఆఖరికి ఒకనాడు తల్లి ఒళ్లో పడి చెప్పింది. అక్క నాకు ఫోన్ చేసి, సదువుకున్నోనివి నువ్వన్న చెప్పురా తమ్మీ అని ఏడ్చింది.

వెళ్లాను. తడిసిన మాను గురించి, రాపిడి గురించి, పాదం ఎందుకు జారుతుందో దాని గురించి క్లాసులో చెప్పినట్టే చెప్పాను. బుద్ధిగా విన్నది. చివరికి నవ్వించబోయి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే అన్నాను.

"ఎవరి మీద ఏసిన్నో ఆయన దియ్యాలె మామా" అంది. "ఆయన ఏడున్నడు?"

నేను కారెక్కి సిద్దిపేట వచ్చేశాను.

పోయిన ఆషాఢంలో ఒక పందెం వచ్చింది. జగదేవ్‌పూర్ దాటాక, కార్లూ మోటారు సైకిళ్లూ పందెం వేసుకోవడానికి ఒకాయన పొలాలు కొని ట్రాక్ వేయించాడు. అప్పుడప్పుడు దాన్ని సైకిళ్లకు కూడా ఇస్తారు. కోచ్ ముందే నాకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాడు. ఈసారి మొదటి ముగ్గురిలో రాకపోతే హాస్టల్ సీటూ సైకిలూ ఇంకొకరికి పోతాయి, తన చేతిలో ఏమీ లేదు అన్నాడు. మంచివాడే పాపం. నా బాధ సీటు గురించి కాదు. సైకిల్ కూడా పోతే ఆ పిల్ల దగ్గర మిగిలేది, తండ్రిని తానే చంపానన్న దిగులొక్కటే. దాన్ని ఎవరు తీస్తారు?

అక్క రాలేనంది. నేను పోయాను.

కార్ల ట్రాక్ మీద సైకిళ్లు ఎట్లా ఉంటాయో చూస్తే గానీ తెలియదు. నాలుగు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. తారు మీద నల్లటి టైర్ల మచ్చలు. మలుపుల అంచున ఎరుపూ తెలుపూ రంగులు. ఊరి రోడ్డు మీదైతే ఏదో ఒక చెట్టో గోడో గాలికి అడ్డం ఉంటుంది. అక్కడ కార్లు జారితే గుద్దుకోకూడదని చుట్టూ అంతా తీసేసి చదును చేశారు. పైన ఆషాఢం గాలి. ఒంటరిగా తొక్కేవాళ్లకు అంతకంటే పాడు జాగ ఇంకోటి ఉండదు.

జెండా పట్టుకునే మనుషులు తక్కువై నన్ను కూడా వాడుకున్నారు. వెనక వైపు పొడుగాటి తిన్నని దారి మధ్యలో, పసుపు జెండా ఇచ్చి నిలబెట్టారు. ఎవరైనా పడితే ఊపాలి. మలుపు తిరిగి ఆ దారిలోకి వస్తే గాలి ముఖాన్నే కొడుతుంది. మధ్యాహ్నం, ఎండ బాగానే ఉంది. నేను నిద్రపోలేదు, ఉపవాసం లేను, నా కళ్లజోడు నా ముఖానే ఉంది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానో మీకు తెలుసు.

పందెం మొదలైంది. పిల్లలందరూ ఒకరి చక్రం ఒకరు పట్టుకుని వరసగా నా ముందు నుంచి పోయారు. రవళి వాళ్లకు ఎడంగా, కుడి అంచున, ఒంటరిగా. ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం వెనకబడింది. నోరు తెరుచుకుని తొక్కుతోంది. ఆ వరసలో దూరవే తల్లీ అని నాలో నేనే గొణుక్కున్నాను. తర్వాతి చుట్టుకు గుంపు పోయి చాలాసేపైంది, ఇది రాలేదు. దిగిపోయిందేమో అనుకున్నాను. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మలుపు తిరిగి వచ్చింది, ఒక్కతే.

కానీ ఇందాకటి పిల్ల కాదు. తల వంచుకుంది. చూపు దూరంగా లేదు, తన ముందు చక్రానికి జానెడు అవతల, కిందికి, ఒకేచోట నిలిచి ఉంది. వేగం చూస్తే గుంపు కంటే ఎక్కువ. సరిగ్గా నా ముందుకొచ్చేసరికి దాని కాళ్లు ఆగాయి. తొక్కడం ఆపితే వెనక చక్రం టకటకమంటుంది చూడండి, ఆ చప్పుడు స్పష్టంగా విన్నాను. రెండు వేళ్లు బ్రేకు మీద తాకించి తీసింది. మళ్లీ తొక్కింది.

ఆ క్షణానికి నాకేమీ తట్టలేదు. అది దాటిపోయాక తట్టింది. అంత ఎదురుగాలిలో ఒంటరిగా పోయేవాళ్లు తొక్కడం ఆపరు. ఆపితే అక్కడికక్కడే వేగం పడిపోతుంది. దానికి పడలేదు. ఇక బ్రేకు అంటారా, ముందున్న చక్రాన్ని గుద్దుకుంటామనిపించినప్పుడే అట్లా వేళ్లు తాకిస్తారు. దాని ముందు ఉత్త తారు రోడ్డు తప్ప ఏమీ లేదు.

గాలి ఆగిందేమో అనుకుందామంటే, నా చేతిలో జెండా చిరిగిపోతుందేమో అన్నట్టు కొట్టుకుంటూనే ఉంది.

ఇంకో చప్పుడు కూడా విన్నాను. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. గలగలమని వదులైన రేకు చప్పుడు. పందెం సైకిళ్లకు మడ్‌గార్డులు ఉండవు. కంచెకు కట్టిన రేకు బోర్డు ఏదైనా కావచ్చు. దాని మీద నేను ఒట్టు వేయను.

ఆ తర్వాతి చుట్టుకు రవళి గుంపులో ఉంది. ఒక పొడుగాటి అమ్మాయి చక్రం వెనక, అందరిలాగే, ఆనుకున్నట్టు పోతోంది. చివరికి మూడోదిగా వచ్చింది. సీటు నిలిచింది.

నీళ్లు తాగుతుంటే ఆ పొడుగాటి అమ్మాయి మా దగ్గరికొచ్చింది. నిజామాబాద్ వైపు పిల్ల. వెనక నుంచి ఇద్దరొస్తున్నరనుకొని జరిగి జాగిచ్చిన, ఇంకో ఆమె ఎటువాయె అని అడిగింది. నేను ఎవరూ లేరమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి పోయింది. కాళ్ల బలం కొలిచే చిన్న యంత్రమొకటి సైకిల్‌కు ఉంటుంది. కోచ్ దాన్ని చూసి, ఎదురుగాలిలో గింత తక్కువ బలంతోటి గంత స్పీడా, ఇది ఖరాబైనట్టుంది అని సంచిలో వేసుకున్నాడు. మర్నాటి నుంచి అది బాగానే పనిచేస్తోందని తర్వాత ఆయనే చెప్పాడు.

సాయంత్రం దాన్ని కారులో ఇంటికి తీసుకుపోయాను. ఇంటికి పోయాక అక్క దగ్గర కూర్చుని, నేను కూడా ఉండగానే చెప్పింది. మలుపు తిరిగి గాలిలోకి వస్తూనే దిగిపోదామనుకుందట. సరిగ్గా అప్పుడు ముఖాన గాలి కొట్టడం ఆగిందట. కళ్లు దించితే ముందు చక్రం ఉందట. పాత సైకిల్ చక్రం, పైన వదులు మడ్‌గార్డు.

"గుంపు దాక తీస్కపోయిండు మామా" అంది నాతో. "క్యారియర్ మీద రెండు సార్లు చరిచి పక్కకు జరిగిండు. చూస్తే నా ముంగట ఆ పిల్ల చక్రం ఉన్నది. ఇగ నేను పోయిన. బాపు ఒట్టు దీసిండు."

ఏడవలేదు. బావ పోయినప్పటి నుంచి దాని ముఖం అంత తేటగా నేను చూడలేదు.

శ్రమ ఎక్కువైతే మెదడు లేనివి చూపిస్తుందని నాకు తెలుసు. ఆ పిల్లకు అట్లా కనబడిందంటే ఒప్పుకుంటాను. మరి పెడల్ ఆగినా వేగం తగ్గకపోవడం నేను చూశానే, దానికేం చెప్పాలి? ఏటా అదే గాలి, అదే వేగం లెక్కలు బోర్డు మీద వేసి పిల్లలకు నేర్పేవాణ్ణి. ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

అక్క అంతా విన్నది. నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. గడప వైపు చూసి ఒక్కటే అడిగింది.

"కాళ్లకు చెప్పులున్నయా బిడ్డా?"

రవళి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నేను చూడలేదమ్మా. చక్రం తప్ప ఇంకేం జూడొద్దని చెప్పిండు గద."