మీటరు చెప్పిన తొమ్మిది వేలు

కంకిపాడులో పాత బండి చేతులు మారాలంటే ముందు నతానియేలు షెడ్డుకి రావాలి. అతను ఏ కోర్సూ చదవలేదు. ఇరవై రెండేళ్లుగా ఇంజన్లు విప్పి బిగించి నేర్చుకున్నదే. బండి చూసి ఒక రేటు చెబుతాడు. ఆ తర్వాత ఎవరూ బేరమాడరు. కమీషన్ కూడా తీసుకోడు.

ఆ ఉదయం మాణిక్యమ్మ తన భర్త మరియదాసు బండి అమ్మకానికి తెచ్చింది. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఒకే చర్చి వాళ్లు కాబట్టి నతానియేలుకి ఆమె అక్క. కొనడానికి వచ్చిన కిరీటి బెజవాడ వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా.

"ఏడేళ్ల బండి, తొమ్మిది వేల నాలుగొందలే తిరిగింది. కొత్తదే అనుకోండి," అని కిరీటి మీటరు చూసి మురిసిపోయాడు.

"మా ఆయన దీన్ని నాకంటే బాగా చూసుకున్నాడు బాబూ," అంది మాణిక్యమ్మ. "తమ్ముడూ, యాభై ఐదు వేలు చెప్పు. మా అమ్మాయి ఏంజెల్ నర్సింగ్ ఫీజు కట్టేస్తాను."

నతానియేలు బండి పక్కన గొంతుక్కూర్చుని బ్రేకు పెడల్ రబ్బరు తడిమాడు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. తడమకపోయినా అతనికి తెలుసు. మూడేళ్ల కిందట మీటరు కేబులు తెగి అంకె ఆగిపోయినప్పుడు కొత్తది వేస్తానన్నాడు. "వద్దులేరా, అమ్మేటప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి," అని మరియదాసు నవ్వాడు. తనూ నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత కూడా బండి రోజూ బెజవాడ వెళ్లొచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. పోయిన వారం సర్వీసుకి వచ్చినప్పుడు, పని చెయ్యని సామాను బండి మీద ఉండకూడదని కొత్త కేబులు తనే బిగించాడు. ముల్లు కదిలితే సంతోషించాడు కూడా. ఇప్పుడు ఆ కదిలే ముల్లే పాత అంకెని నిజమనిపిస్తోంది.

యాభై ఐదంటే కిరీటిని ముంచినట్టే. తగ్గిస్తే ఎందుకో చెప్పాలి. ఇంజన్లో ఏదో లోపముందని తప్పించుకుందామనుకున్నాడు. కానీ తన చేత్తో బాగుచేసిన ఇంజన్‌కి లేని జబ్బు అంటగట్టడానికి నోరు రాలేదు.

"ఏంటండీ, ఇంకా ముహూర్తం రాలేదా?" అన్నాడు కిరీటి.

"ముప్పై ఎనిమిది. మీటరు నమ్మొద్దు. మూడేళ్లు కేబులు లేకుండానే తిరిగింది. పోయిన వారం నేనే వేశాను. నలభై వేల కిలోమీటర్లు దాటుంటుంది."

మాణిక్యమ్మ మొహం పాలిపోయింది. "బండి సర్వీసుకిచ్చినప్పుడే నాకో మాట చెప్పొచ్చుగా తమ్ముడూ! తొమ్మిది వేలే తిరిగిందని వీధంతా చెప్పుకున్నాను. పోయినాయన్ని దొంగని చేశావు, నన్నూ చేశావు."

"కేబులు తగిలించిందీ మీరే, రేటు చెప్పేదీ మీరేనా?" అన్నాడు కిరీటి. "ఆ ముప్పై ఎనిమిది మాత్రం నిజమని ఎట్టా నమ్మేదండీ?" ఆమె వైపు తిరిగాడు. "ముప్పై ఇస్తానమ్మా."

"నలభై ఐదుకి రూపాయి తగ్గను."

"ఇంజన్ గట్టిది, అక్కా..." అనబోయాడు నతానియేలు.

"నువ్వు ఊరుకో."

బండికి అటొకరు, ఇటొకరు నిలబడి గొంతులు పెంచారు. వాళ్లిద్దరి మధ్య నేల మీదే ఉండిపోయిన నతానియేలుని ఎవరూ ఏమీ అడగలేదు.